పది మీటర్ల గీత దగ్గర: తొలి టార్గెట్ పిస్టల్ ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు పరిధి

సొంతంగా ఒక టార్గెట్ పిస్టల్ కొనుక్కుని, దాన్ని ఇంట్లో భద్రంగా ఉంచుకుంటూ, రేంజ్‌లో పద్ధతిగా గురి చూసి కాల్చడం నేర్చుకోవాలన్నది ఈ ప్రాజెక్టు. ఆత్మరక్షణ నా ఉద్దేశం కాదు. దాని శిక్షణ వేరు, దాని బాధ్యతలు వేరు, ఆ విషయం ఈ డైరీలోకి రాదు. నాకు కావలసిందల్లా అట్ట మీది నల్లటి వృత్తం, దాని నడుమ పదో వలయం, అక్కడికి చేరడానికి ఒంటికీ మనసుకూ కావలసిన క్రమశిక్షణ.

పనిని రెండు మజిలీలుగా విడగొట్టుకున్నాను. మొదటిది పది మీటర్ల నుంచి కాల్చే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్. రెండవది ఇరవై ఐదు మీటర్ల నుంచి కాల్చే, మందుగుండుతో పేలే .22 అంగుళాల పిస్టల్. నేరుగా రెండోదానితోనే మొదలుపెట్టేవారు చాలామంది ఉన్నారు, అది పొరపాటని నేను అనను. అయితే మందుగుండు పేలే చప్పుడుకూ, చేతిలో వచ్చే కుదుపుకూ కొత్తవారి శరీరం ముందుగానే బిగుసుకుంటుంది. ఆ బిగుసుకోవడం ఒకసారి అలవాటుగా మారితే వదిలించుకోవడానికి ఎంతో కాలం పడుతుంది. ఎయిర్ పిస్టల్‌లో పేలుడు లేదు, కుదుపు దాదాపు లేనట్టే. అట్ట మీద రంధ్రం ఎక్కడ పడినా అందుకు కారణం కాల్చినవారి కన్నో, వేలో, మణికట్టో అయి ఉంటుంది. నేర్చుకునే దశలో ఇంత సూటిగా బదులు చెప్పే పనిముట్టు చేతిలో ఉండడం అదృష్టమని నా నమ్మకం.

కొనడానికి ముందు

తుపాకుల చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంటాయి. ఒకచోట లైసెన్సు అక్కరలేని ఎయిర్ పిస్టల్‌కు మరొకచోట పూర్తి స్థాయి అనుమతి కావాలి. కొనడం, ఇంట్లో ఉంచుకోవడం, రేంజ్‌కు తీసుకువెళ్లడం, తూటాలు నిల్వ చేయడం అన్నవాటికి వేర్వేరు నిబంధనలు ఉండవచ్చు. అందువల్ల ముందు నిబంధనలు చదివి, షూటింగ్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుని, అక్కడి భద్రతా శిక్షణ ముగించుకుని, క్లబ్‌వారి పిస్టళ్లతో కొంతకాలం సాధన చేశాకే సొంత పిస్టల్ గురించి ఆలోచించాను. ఈ వరస తలకిందులు కాకూడదని గట్టిగా చెబుతాను. తనకు ఏ గ్రిప్ (పిడి) నప్పుతుందో, ఎంత బరువు మోయగలరో తెలియకుండా కొన్నవారు తరవాత ఆ పిస్టల్‌కు తమను తాము సర్దుకోవలసి వస్తుంది.

శిక్షణలో మొట్టమొదట నేర్పేవి నాలుగు సూత్రాలు. ప్రతి తుపాకిలోనూ తూటా ఉన్నట్టే భావించాలి. కాల్చదలచుకోని దేని వైపూ గొట్టం కొసను తిప్పకూడదు. సైట్లు, అంటే గొట్టం మీద ముందూ వెనకా గురి చూడడానికి ఉండే గుర్తులు, టార్గెట్ మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్‌ను తాకకూడదు. టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. ఈ నాలుగింటి అల్లికలో గొప్ప ఆలోచన ఉంది. ఏదో ఒకటి తప్పినా మిగిలినవి ప్రమాదాన్ని ఆపుతాయి. ఎవరికైనా గాయం కావాలంటే ఒకేసారి ఒకటి కంటే ఎక్కువ సూత్రాలు తప్పాలి. అలసిపోయిన రోజున, ఎవరో పలకరించిన క్షణాన, మనసు ఎక్కడో ఉన్నప్పుడు మనల్ని కాపాడేది చేతికి పట్టిన అలవాటే గనక, ఈ నాలుగూ కంఠస్థం చేయవలసినవి కావు, చేతికి అబ్బవలసినవి.

రేంజ్‌లోకి అడుగుపెట్టాక మరికొన్ని నియమాలు వచ్చి చేరతాయి. పిస్టల్ పెట్టెలోంచి బయటికి వచ్చేది ఫైరింగ్ గీత దగ్గరే. అప్పుడు కూడా గొట్టం కొస టార్గెట్ల వైపే ఉండాలి. కాల్చని సమయంలో గొట్టంలోంచి మెరిసే నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ బయటికి కనబడుతూ ఉండాలి. ఆ సన్నటి ప్లాస్టిక్ తీగ ఉందంటే లోపల పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ కాల్చే చిన్న సీసపు గుండు) లేదని పక్కవారికి దూరం నుంచే తెలుస్తుంది. అట్టలు మార్చడానికి ఎవరైనా గీత దాటి ముందుకు వెళ్లినప్పుడు, పిస్టల్ ఖాళీగా ఉన్నా సరే, ఎవరూ దాన్ని ముట్టుకోరు. ‘స్టాప్’ అన్న ఆదేశం వినబడితే ట్రిగ్గర్ మీది ఒత్తిడి సగంలో ఉన్నా వేలు బయటికి రావాలి. మా కోచ్ ఈ ఆదేశాన్ని ముందుగా చెప్పకుండా, సరిగ్గా గురి కుదిరిన సమయం చూసి ఇస్తారు. పది వలయాన్ని వదులుకుని చేతిని దించడం కూడా సాధనలో భాగమేనని ఆయన అభిప్రాయం, నాదీ అదే.

ఇంటి ఏర్పాటుకు చాలా సమయం వెచ్చించాను. పిస్టల్‌కు గోడకు బిగించిన ఉక్కు పెట్టె, పెల్లెట్లకు వేరే గదిలో వేరే తాళం. తాళంచెవి నా దగ్గర తప్ప మరెక్కడా ఉండదు. బీరువాలో బట్టల కింద దాచడాన్ని నేను భద్రతగా లెక్కపెట్టను, ఎందుకంటే పిల్లలకు ఇంట్లో తెలియని చోటంటూ ఉండదు. ఇంకొక మాట కూడా ఇక్కడ రాసి పెట్టుకోవాలి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన మానసిక వేదనలో ఉన్నారని అనిపిస్తే, ఆ వ్యక్తి నేనే అయినా సరే, చట్టం అనుమతించిన పద్ధతిలో తుపాకిని కొంతకాలం ఇంటి నుంచి బయటికి చేర్చాలి. ఈ నిర్ణయాన్ని ప్రశాంతంగా ఉన్నప్పుడే తీసుకుని, ఇంట్లోవారికి చెప్పి ఉంచడం మంచిది.

పిస్టల్ ఎంపిక, గ్రిప్ పని

పోటీ నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ బరువు 1,500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఆపగలగాలి. నేను ఎంచుకున్నది కిలోకు అటూ ఇటుగా ఉండే, 200 బార్ల పీడనం వరకు గాలి నింపే సిలిండర్ ఉన్న రకం. చేత్తో మీట లాగి గాలి నింపుకునే రకం కూడా మంచిదే, దాని నిర్వహణ తేలిక. కాని ప్రతి షాట్‌కూ మీట లాగడంతో భుజం అలసిపోతుంది, కుదిరిన పట్టు ప్రతిసారీ చెదురుతుంది. సిలిండర్ రకం కొనేవారు ముందుగా చూడవలసింది దాని మీద చెక్కిన తేదీని. తయారైన పదేళ్లకు సిలిండర్ కాలపరిమితి తీరుతుంది. గడువు దాటినదాన్ని పోటీలో అనుమతించరు, అనుమతించినా నేను వాడను. వాడిన పిస్టల్ చవకగా వచ్చిందని సంబరపడే ముందు ఆ తేదీని లెక్కలోకి తీసుకోవాలి.

గ్రిప్ గురించి ఎంత చెప్పినా తక్కువే. టార్గెట్ పిస్టల్ గ్రిప్ చెక్కతో, అరచేతి వంపులకు తగ్గట్టు చెక్కినది; కింద అరచేతి అంచును మోసే చిన్న పలక ఒకటి ఉంటుంది, దాన్ని పైకీ కిందికీ జరపవచ్చు. మొదట పిస్టల్‌ను పక్కచేత్తో పట్టుకుని, కాల్చే చేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనున్న చీలికలోకి వెనక వంపును లోతుగా దించి, ఆ తరవాత మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెనవేలు చుట్టాలి. కళ్లు మూసుకుని చేయి ఎత్తి, కళ్లు తెరిచి చూస్తే ముందు సైట్ దానంతటదే వెనక సైట్‌లోని గాడి నడుమ నిలిచి ఉండాలి. నా విషయంలో అది ఎప్పుడూ కొద్దిగా కుడి వైపుకు తేలేది. మణికట్టు తిప్పి సరిచేయడానికి కోచ్ ఒప్పుకోలేదు. “మీరు గ్రిప్‌కు సర్దుకోకండి, గ్రిప్‌నే మీకు సర్దండి” అన్నారు. అరచేతి గుంట తగిలే చోట చెక్క పుట్టీని పలచగా పూసి, ఆరాక సన్నటి గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ చేయి ఎత్తి చూడడం, మళ్లీ రుద్దడం. ఇలా కొన్ని సాయంత్రాలు గడిచాక సైట్లు వాటంతటవే వరసకు వచ్చాయి. ఆ పని చేస్తున్నంతసేపూ సిలిండర్ విప్పి పక్కన పెట్టాను.

ఖాళీ అట్ట

నల్లటి వృత్తం ఉన్న టార్గెట్‌ను కోచ్ మొదట ఇవ్వలేదు. అట్టను వెనక్కి తిప్పి, తెల్లటి ఖాళీ వైపు ముందుకు పెట్టారు. అంకెలు లేవు, నడిబొడ్డు లేదు, కంటికి కనబడేవి రెండు సైట్లు మాత్రమే. ఎందుకు ఇలా చేయిస్తారో లెక్క వేసుకున్నాక నాకు బాగా అర్థమైంది.

నా పిస్టల్‌లో ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ నడుమ దూరం సుమారు 33 సెంటీమీటర్లు. పది మీటర్లంటే ఆ దూరానికి ముప్ఫై రెట్లు. అంటే వెనక గాడిలో ముందు సైట్ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే, పెల్లెట్ అట్ట మీద ముప్ఫై మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి ఒక్కో వలయం ఎనిమిదేసి మిల్లీమీటర్ల చొప్పున వెలుపలికి విస్తరిస్తుంది. పెల్లెట్ అంచు గీతను తాకినా పై అంకే లెక్క గనక, రంధ్రం కేంద్రం నడిబొడ్డు నుంచి 8 మిల్లీమీటర్ల లోపు ఉంటే పది, 16 లోపు తొమ్మిది, 24 లోపు ఎనిమిది, 32 లోపు ఏడు. సైట్ల వరసలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే పది కాస్తా ఏడవుతుంది. అదే సైట్ల వరస చెదరకుండా చేయి మొత్తం ఐదు మిల్లీమీటర్లు పక్కకు ఊగితే, పెల్లెట్ కూడా ఐదు మిల్లీమీటర్లే జరుగుతుంది. అది అప్పటికీ పదే.

ఈ లెక్క తెలియని కొత్తవారు చేతి వణుకును చూసి దిగులు పడతారు. ఏ మనిషి చేయీ పూర్తిగా నిశ్చలంగా ఉండదు, ఒలింపిక్ విజేతలదైనా సరే, వారి ఊగు చిన్నది, అంతే. ఊగుతున్న చేతిని క్షమించవచ్చు గాని, చెదిరిన సైట్లను క్షమించడానికి వీల్లేదు. ఈ డైరీ మొత్తంలో నేను మళ్లీ మళ్లీ చదువుకునే వాక్యం ఏదైనా ఉందంటే అది ఇదే.

కాబట్టి చూపు ముందు సైట్ మీద నిలవాలి. కంటికి ఒకేసారి దగ్గరి వస్తువూ దూరపు వస్తువూ స్పష్టంగా కనబడవు. ముందు సైట్ పై అంచు బ్లేడుతో కోసినంత పదునుగా కనబడుతున్నప్పుడు వెనక గాడి కొద్దిగా మసకగా ఉంటుంది, టార్గెట్ మరింత మసకబారి అంచులు కరిగిన బూడిద రంగు మచ్చగా మిగులుతుంది. ముందు సైట్‌కు రెండు పక్కలా గాడిలో కనబడే వెలుతురు గీతలు సమానంగా ఉండాలి, పై అంచులు ఒకే మట్టంలో ఉండాలి. ఆ రెండు వెలుతురు గీతలను పోల్చి చూడడమే అసలు గురి. ఖాళీ అట్ట మీద సాధన చేసినన్నాళ్లూ కంటికి పరుగెత్తి పోవడానికి మరో చోటు ఉండదు. అందుకే రంధ్రాలు వాటంతటవే ఒకచోట గుమిగూడతాయి. నల్ల వృత్తం ఉన్న అట్ట ఇచ్చాక తొలి రోజున నా గుంపు ఖాళీ అట్ట మీదికంటే వెడల్పయింది. కారణం చెప్పనక్కరలేదు, కన్ను నడిబొడ్డును వెతుక్కుంటూ పోయింది.

అప్పుడు నేర్చుకున్నది వృత్తం కింద గురి పెట్టడం. ముందు సైట్‌ను వృత్తం మధ్యలో నిలిపితే నలుపు మీద నలుపు కలిసిపోయి అంచు కనబడదు. అందువల్ల నల్ల వృత్తం కింది అంచుకూ సైట్ పై అంచుకూ నడుమ తెల్లటి పట్టీని వదిలి, పెల్లెట్ నడిబొడ్డున పడేటట్టు వెనక సైట్‌ను మరలతో సర్దుకుంటారు. ఆ పట్టీ ప్రతిసారీ కచ్చితంగా ఒకే వెడల్పు ఉండాలని పట్టుబట్టకుండా, సుమారుగా ఒక ప్రాంతంలో సైట్లు నిలిస్తే చాలునని మనసును ఒప్పించుకోవడం కష్టం. ఒప్పించుకున్నాక మాత్రం ఆట తేలికపడుతుంది.

ట్రిగ్గర్

సైట్ల వరసను చెడగొట్టేది చాలావరకు వేలే. నా పిస్టల్ ట్రిగ్గర్‌కు రెండు దశలు ఉన్నాయి. మొదటి దశలో వేలు కొంత దూరం కదిలి ఒక గోడకు తగిలినట్టు ఆగుతుంది. మొత్తం 500 గ్రాములలో ఎక్కువ భాగం అక్కడికే ఖర్చయిపోతుంది. రెండో దశలో మిగిలిన కొద్ది బరువును వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో, సూటిగా వెనక్కి, పెంచుకుంటూ పోవాలి. కంట్లో మందు వేసుకునేటప్పుడు సీసాను నొక్కే తీరు ఇందుకు దగ్గరగా ఉంటుంది: చుక్క ఎప్పుడు రాలాలో మనం ఆజ్ఞాపించం, ఒత్తిడి పెంచుతూ కంటిని తెరిచి ఉంచుతాం, చుక్క దాని వేళకు అది రాలుతుంది. “ఇప్పుడు” అని మనసులో అనుకుని నొక్కిన షాట్‌లో ఆ మాటతోపాటు పిడికిలి కూడా బిగుసుకుంటుంది. కుడిచేత్తో కాల్చేవారి గుంపు ఎడమ పక్కకు, కిందికి జారిందంటే మొదట అనుమానించవలసింది దాన్నే.

దీనికి మందు డ్రై ఫైరింగ్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన. ఎయిర్ పిస్టళ్లలో చాలావాటికి ఇందుకోసం ప్రత్యేకమైన మీట ఉంటుంది; దాన్ని తిప్పితే గాలి వదలకుండానే ట్రిగ్గర్ పనిచేస్తుంది. ఇంట్లో ఈ సాధనకు నేను పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. పెల్లెట్ డబ్బా ఆ గదిలోనే ఉండదు. గొట్టం ఖాళీగా ఉందని కంటితో ఒకసారి, సన్నటి కడ్డీతో ఒకసారి నిర్ధారించుకుంటాను. గురి పెట్టే గోడ ఇటుక గోడ, దాని అవతల మనుషులు తిరిగే చోటు కాదు. సాధన ముగిసిందని పైకి వినబడేటట్టు అనుకుని, పిస్టల్‌ను పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. వేశాక ఆ రోజుకు మళ్లీ తీయను. ముగించాక “ఇంకొక్కసారి” అని తీయడమే ఇలాంటి సాధనలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఘడియ అని భద్రతా శిక్షణలో హెచ్చరిస్తారు, అది నూటికి నూరుపాళ్లు నిజం.

ఖాళీ గోడ ఎదుట ట్రిగ్గర్ నొక్కినప్పుడు కంటికి ఒక వింత దొరుకుతుంది. టక్కుమన్న శబ్దం వచ్చిన క్షణంలో ముందు సైట్ కదిలిందా, ఏ పక్కకు కదిలింది, ఎంత కదిలింది అన్నది స్పష్టంగా కనబడుతుంది. రేంజ్‌లో పెల్లెట్ ఆ కదలికను తన వెంట తీసుకుపోయి అట్ట మీద అంకెగా మార్చేస్తుంది. ఇక్కడ అంకె లేదు, కదలిక ఒక్కటే ఉంది. శబ్దం తరవాత కూడా సైట్లను మరికొన్ని క్షణాలు అలాగే నిలిపి ఉంచడాన్ని ఫాలో త్రూ అంటారు. సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్‌కు పది మీటర్లు దాటడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. గొట్టం దాటాక దాన్ని మనం మార్చలేం, కాని గొట్టంలో ఉన్నంతసేపూ చేతి కదలిక దానికి అంటుతుంది. ఫలితం చూడాలన్న తొందరలో చేయి ముందే దిగడం మొదలుపెడితే ఆ దిగడం షాట్‌లో కలుస్తుంది.

నిలబడే తీరు, ఊపిరి

ఇక్కడ ఎక్కువ రాయవలసింది లేదు. పాదాలు భుజాల వెడల్పున, బరువు రెంటి మీదా సమానంగా, మోకాళ్లు నిటారుగా ఉన్నా బిగుసుకోకుండా, తల నిలువుగా. పక్కచేయి జేబులోనో బెల్టులోనో ఉంటుంది; వేలాడనిస్తే అది ఊగి ఒంటిని ఊపుతుంది. కళ్లు మూసుకుని చేయి ఎత్తి, తెరిచి చూసినప్పుడు పిస్టల్ టార్గెట్‌కు ఏ పక్కన ఉందో గమనించి, చేతిని కాక వెనక పాదాన్ని కొద్దిగా జరపాలి. చేత్తో సరిచేస్తే కండరం లాగుతూనే ఉంటుంది, అలసట వచ్చేకొద్దీ గుంపు పాత దిక్కుకే జారుతుంది.

ఊపిరి తీసుకుంటూ పిస్టల్‌ను టార్గెట్ కంటే పైకి ఎత్తి, వదులుతూ నిదానంగా దించాలి. సైట్లు గురి పెట్టే చోటికి చేరేసరికి ఊపిరి సహజంగా ఆగిన స్థితిలో ఉండాలి. అక్కడ స్థిరపడ్డాక ఐదు నుంచి ఎనిమిది సెకన్ల లోపు షాట్ పోకపోతే చేయి దించేయడం మేలు. అంతకు మించితే కన్ను పాత చిత్రాన్నే చూస్తూ ఉంటుంది, చేతి ఊగు పెరుగుతుంది, మనసు తొందర పెడుతుంది. దించిన చేతికి శిక్ష లేదు, లాగేసిన షాట్‌కు మాత్రం ఉంది.

కళ్లు

కుడిచేయి వాటమైనవారందరికీ కుడికన్నే ప్రధానం కాదు. రెండు అరచేతులతో చిన్న కంత చేసి, దూరాన ఉన్న వస్తువును రెండు కళ్లతోనూ చూసి, ఒక్కో కన్ను మూసి పరీక్షించుకుంటే ఏ కన్ను దాన్ని పట్టి ఉంచుతుందో తెలిసిపోతుంది. చేయీ కన్నూ ఒకే వైపువి కాకపోతే కొందరు తల కొద్దిగా తిప్పి సర్దుకుంటారు, కొందరు చేతినే మార్చుకుంటారు. చేతిని మార్చుకోవడం ఎంత దూరం తీసుకువెళ్లగలదో తెలియాలంటే హంగేరీకి చెందిన కారొలీ తకాచ్ కథ ఉంది. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచేయి పనికిరాకుండా పోయాక ఆయన ఎడమచేత్తో మళ్లీ మొదలుపెట్టి, 1948 లండన్ ఒలింపిక్స్‌లోనూ 1952 హెల్సింకిలోనూ ఇరవై ఐదు మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో స్వర్ణం గెలిచారు.

నా ప్రధాన కన్ను కాల్చే చేతి వైపే ఉంది. రెండో కన్నును గట్టిగా మూయడం మానేశాను, మూస్తే ముఖం అంతా బిగుసుకుంటుంది. ఆ కంటి ముందు ముప్ఫై మిల్లీమీటర్ల వెడల్పు మించని తెల్లటి అడ్డుతెరను నిబంధనలు అనుమతిస్తాయి. దాని వెనక రెండు కళ్లూ హాయిగా తెరిచి ఉంటాయి. ఆ తెర కూడా అక్కరలేనివారు ఉన్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్ పది మీటర్ల మిక్స్‌డ్ టీమ్ విభాగంలో టర్కీకి రజతం తెచ్చిన జంటలో ఒకరైన యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లద్దాలతో, రెండు కళ్లూ తెరిచి, ఒక చేయి జేబులో పెట్టుకుని కాల్చడం ప్రపంచమంతా చూసింది. చూసినవారికి అది ఏదో విలాసంగా అనిపించి ఉండవచ్చు. జేబులో చేయి మాత్రం ప్రతి క్లబ్‌లోనూ మొదటి పాఠం.

నమోదు పుస్తకం

ప్రతి షాట్ తరవాత, అట్ట వైపు చూడకముందే, అది ఎక్కడ పడి ఉంటుందో చెప్పుకోవడం నా సాధనలో అతి ముఖ్యమైన భాగం అయింది. ముందు సైట్‌ను చివరి క్షణం దాకా చూసినవారికి మాత్రమే అది తెలుస్తుంది. పుస్తకంలో రెండు చిన్న వృత్తాలు గీసుకుని, ఒకదానిలో నేను అనుకున్న చోటూ, రెండోదానిలో నిజంగా పడిన చోటూ చుక్కలు పెడతాను. రెండు చుక్కలూ ఒకే దిక్కున ఉండి, అంకె ఏడు అయినా నాకు సంతోషమే, చూపు పనిచేసిందని అర్థం. తొమ్మిది అనుకున్న చోట పది పడితే మాత్రం పక్కన ప్రశ్నార్థకం పెడతాను.

వాడ్‌కట్టర్ పెల్లెట్ మొన చదునుగా ఉంటుంది గనక అట్టను చింపకుండా గుండ్రంగా కోస్తుంది, అంచు చుట్టూ సీసం రాసిన సన్నటి బూడిద వలయం మిగులుతుంది. గీతను తాకిందా లేదా అన్న సందేహం వచ్చినప్పుడు చూడవలసింది ఆ బూడిద వలయాన్నే. సైట్లను సర్దేది కూడా ఒక్క రంధ్రాన్ని చూసి కాదు. గుంపు మొత్తం ఒక పక్కకు ఉంటేనే, గుంపు ఏ దిక్కుకు పోవాలో వెనక సైట్‌ను ఆ దిక్కుకే జరుపుతాను.

నిర్వహణ, సీసం

ఎయిర్ పిస్టల్ శుభ్రతకు పెద్ద శ్రమ లేదు. అప్పుడప్పుడు ఫెల్ట్ ముక్కలు గొట్టంలోంచి పంపడం, సిలిండర్ రబ్బరు వలయాలకు తయారీదారు చెప్పిన సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయడం చాలు. అధిక పీడనపు గాలి తిరిగే భాగాలకు పెట్రోలియం నూనెలు తగలనివ్వకూడదు. పెల్లెట్లు సీసంతో చేసినవి. రేంజ్‌లో ఏదీ తినకపోవడం, తాగకపోవడం, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఆ బట్టలతో పసిపిల్లలను ఎత్తుకోకపోవడం ఐచ్ఛికమైన మర్యాదలు కావు, ఆరోగ్యానికి అవసరమైన నియమాలు.

పూర్తి మ్యాచి క్రమం

ఎయిర్ పిస్టల్ ఒలింపిక్స్‌లోకి 1988లో, సియోల్‌లో వచ్చింది. ఇప్పటి క్రమంలో పదిహేను నిమిషాల తయారీ, ట్రయల్ షాట్ల తరవాత అరవై షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 75 నిమిషాలు, గరిష్ఠంగా 600 పాయింట్లు. ఫైనల్లో లెక్క దశాంశాల్లోకి మారి, ఒక్క షాట్‌కు గరిష్ఠం 10.9 అవుతుంది.

క్లబ్‌లో ఈ క్రమాన్ని పూర్తిగా పాటించి కాల్చడం మొదలుపెట్టాక నా సాధన స్వరూపం మారింది. పది షాట్ల గుంపు బాగుండడం వేరు, అరవైలో నలభయ్యోది కూడా మొదటిదాని పద్ధతిలోనే పోవడం వేరు. భుజం అలసిపోవడానికి ముందే చూపు అలసిపోతుందని గమనించాను. అందుకని ప్రతి షాట్ నడుమా పిస్టల్‌ను స్టాండ్ మీద ఆనించి, కళ్లను దగ్గరి వస్తువుల నుంచి దూరానికి మరల్చి, ఊపిరి కుదిరాకే మళ్లీ పట్టు కడుతున్నాను. సమయం సరిపోదన్న భయం అనవసరం. 75 నిమిషాలంటే షాట్‌కు నిమిషానికి పైగానే. ఇప్పుడు నా రంధ్రాలన్నీ నల్ల వృత్తంలోనే పడుతున్నాయి, గుంపు కేంద్రం తొమ్మిదిలోకి చేరింది. రెండో మజిలీకి కోచ్ ఒప్పుకున్నది ఈ స్థితి చూశాకే.

.22 మజిలీ మొదలు

ఇక్కడ ప్రమాదాల స్థాయి మారుతుంది. ఎయిర్ పిస్టల్ పెల్లెట్ కంటిని పోగొట్టగలదు; .22 తూటా ప్రాణమే తీయగలదు, ఆపే గట్టు లేకపోతే కిలోమీటరుకు పైగా పోగలదు. చప్పుడు చెవులకు శాశ్వతంగా హాని చేసే స్థాయిది. కళ్లద్దాలు, చెవులకు లోపలి ప్లగ్గులూ పైన మఫ్‌లూ లేకుండా గీత దగ్గరికి వెళ్లను. తూటా వెనక అంచులోని మందులో సీసపు సమ్మేళనాలు ఉంటాయి గనక చేతుల శుభ్రత మరింత ముఖ్యం.

అనుమతి పత్రాలు, తుపాకి సీరియల్ నంబరు, కొన్న తూటాలూ వాడిన తూటాలూ నమోదు చేసే పుస్తకం ఒకచోట పెట్టుకున్నాను. డ్రై ఫైరింగ్ పద్ధతి కూడా మారింది. .22లో ఫైరింగ్ పిన్ తూటా అంచును కొడుతుంది. గొట్టం వెనక తూటా కూర్చునే అర ఖాళీగా ఉంటే చాలా పిస్టళ్లలో అది నేరుగా ఉక్కుకు తగిలి అక్కడ నొక్కు పడుతుంది. తయారీదారు అనుమతించారో లేదో చూసుకుని, అందుకోసమే చేసిన డమ్మీ (పేలని) తూటాలు వాడుతున్నాను.

ముందుగా సాధన చేసినవి రెండు అత్యవసర స్థితులు. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే గొట్టం కొసను టార్గెట్ వైపే ఉంచి, కనీసం ముప్ఫై సెకన్లు కదలకుండా వేచి ఉండి, ఆ తరవాతే తూటాను బయటికి తీయాలి, అది ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. చప్పుడు నీరసంగా వచ్చి కుదుపు తక్కువగా అనిపిస్తే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. వెంటనే ఆపి, పిస్టల్ ఖాళీ చేసి, గొట్టం తెరిపిగా ఉందని చూసేదాకా మరో తూటా పేల్చకూడదు. ఈ రెంటినీ డమ్మీ తూటాలతో, కోచ్ పక్కన ఉండగా చేశాను. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదన్నది కూడా ఈ దశలోనే చేతికి పట్టాలి. ముందు మ్యాగజైన్ తీయాలి, తరవాత స్లైడ్‌ను (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే ఉక్కు భాగాన్ని) వెనక్కి లాగి నిలపాలి, చివరికి లోపల కంటితో చూసి, ఫ్లాగ్ పెట్టాలి. ఈ వరస మారకూడదు.

సైట్ల లెక్క ఇక్కడ మరింత కఠినం. నిబంధనల ప్రకారం రెండు సైట్ల నడుమ దూరం 22 సెంటీమీటర్లు మించకూడదు. ఇరవై ఐదు మీటర్లంటే దానికి నూటపదమూడు రెట్లకు పైనే. గాడిలో ఒక మిల్లీమీటరు తేడా అట్ట మీద పదకొండు సెంటీమీటర్లు దాటుతుంది. పదో వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లకు పెరిగినా ఆ తేడా ఆరో వలయంలోకి తోసేస్తుంది. ట్రిగ్గర్ బరువు కనీసం కిలో. అంటే ఎయిర్ పిస్టల్‌కు రెట్టింపు. అందుకని ఇక్కడ కూడా ఖాళీ అట్టతోనే మొదలుపెట్టాను. మ్యాగజైన్‌లో అసలు తూటాల నడుమ కోచ్ నాకు తెలియకుండా డమ్మీలు కలుపుతారు. డమ్మీ వచ్చినప్పుడు ముందు సైట్ నిలకడగా ఉంటే చప్పుడు కోసం ఒళ్లు బిగుసుకోవడం లేదని తేలుతుంది. ఇప్పటివరకు చాలాసార్లు అది నిలిచింది, తొలి మజిలీకి వెచ్చించిన కాలం వృథా కాలేదని నాకు ధైర్యం వచ్చింది.

తరవాతి పని ఐదు నిమిషాల్లో ఐదు షాట్ల ప్రెసిషన్ సిరీస్, అంటే నిదానంగా గురి చూసి కాల్చే భాగం. మూడు సెకన్ల పాటు మాత్రమే టార్గెట్ అందుబాటులో ఉండే ర్యాపిడ్ భాగం కూడా నేర్చుకోవాలని ఉంది. అందులో చేయి 45 డిగ్రీల కిందికి దించి ఉంచి, సంకేతం రాగానే ఎత్తి ఒక్క షాట్ కాల్చాలి. ప్రెసిషన్ గుంపు నిలకడగా ఎనిమిదో వలయం లోపల కుదిరేదాకా దాని జోలికి వెళ్లవద్దని కోచ్ చెప్పారు కాబట్టి, అప్పటిదాకా పుస్తకంలో ఆ పేజీలు ఖాళీగానే ఉంచుతున్నాను.